భుజ్ రన్‌వేకి పేడ అలికిన ఆడవాళ్లు

రణ్ ఆఫ్ కచ్ చూద్దామని హైదరాబాద్ నుంచి వెళ్లాం. తెల్ల ఎడారి బాగుంది, దాని ఫోటోలు ఇప్పటికే అందరూ చూసేశారు కాబట్టి వదిలేస్తున్నా. తిరుగు ప్రయాణం రోజు భుజ్‌లో ఒక పూట ఖాళీ దొరికింది, మా ఆయన ఎండకి సణుగుతున్నా వినకుండా ఆటో మాట్లాడి పక్కనే ఉన్న మాధాపర్ తీసుకెళ్లాను. ఆ ఊరి ఆడవాళ్ల సాహసానికి గుర్తుగా కట్టిన వీరాంగనా స్మారక్ ఉన్నది అక్కడే.

1971 యుద్ధంలో, డిసెంబర్ 8 రాత్రి పాకిస్తాన్ సేబర్ జెట్లు భుజ్ రన్‌వే మీద బాంబులేశాయి. బాగుచేయడానికి మనుషులు చాల్లేదు. అక్కడ బాధ్యతలు చూస్తున్న స్క్వాడ్రన్ లీడర్ విజయ్ కార్ణిక్ సాయం అడిగితే మాధాపర్ నుంచి దాదాపు 300 మంది ఆడవాళ్లు వచ్చి, 72 గంటల్లో విమానం ఎగిరేలా చేసిపెట్టారు. ఇంతవరకు నేనూ ఎక్కడో చదివిందే.

నాకు తెలియనిది పేడ సంగతి! పైనుంచి కనబడకుండా రన్‌వేని పేడతో అలికారట. మా నానమ్మ పండక్కి వాకిలి అలకడానికే నడుం పట్టేసిందని రెండు రోజులు మూలిగేది, వీళ్లు అలికింది విమానాలు దిగే చోటు. పొదల్లో కలిసిపోయేలా లేతాకుపచ్చ చీరలు కట్టుకున్నారు. సైరన్ మోగితే పొదల్లోకి పరుగు, ఆగితే మళ్లీ పని. మొదటి రోజు పస్తే, రెండో రోజు దగ్గర్లోని గుడి నుంచి పళ్లు, మిఠాయిలు వచ్చాయి.

దాక్కోవడం సరే, ప్రాణభయం ఎవరికైనా ఉంటుంది. సైరన్ ఆగాక, అది మళ్లీ ఎప్పుడు మోగుతుందో తెలియకుండా, తలదాచుకోను చెట్టు కూడా లేని ఆ బయల్లోకి తిరిగి రావడం ఉంది చూశారూ, నేనైతే మొదటి సైరన్‌కే ఇంటిదారి పట్టేదాన్ని.

తర్వాత ప్రభుత్వం 50,000 రూపాయలు బహుమతిగా ఇస్తే అవీ పంచుకోలేదు, ఊరికి కమ్యూనిటీ హాలు కట్టించారు.

సాయంత్రం మా ఫ్లైట్ ఎగరాల్సింది అదే రన్‌వే నుంచి. మా ఆయన అప్పుడే నిద్రలోకి జారుకున్నాడు. నేను కిటికీలోంచి దూరంగా ఉన్న సర్కారు తుమ్మ పొదలు చూస్తూ, ఇక్కణ్నుంచి అక్కడికి చీరలో పరిగెత్తాలంటే ఎంతసేపు పడుతుందా అని లెక్కేస్తూ కూర్చున్నా.