ఫోన్ పెట్టేశాక

మా అమ్మాయికి పదిహేనేళ్లు. మేముండేది అమెరికాలో, అర్కన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో. మొన్న స్కూల్లో మీడియా మీద ఒక ప్రాజెక్టు ఇచ్చారు. 1957లో వచ్చిన ‘ఎ ఫేస్ ఇన్ ది క్రౌడ్’ అనే సినిమా చూసి రాయాలి. బ్లాక్ అండ్ వైట్, పైగా రెండు గంటలు. ఒక్కతే చూడలేనంటే నేనూ పక్కన కూర్చున్నాను. కథ మా రాష్ట్రంలోనే మొదలవుతుందని తెలిశాక దానికి హుషారొచ్చింది. కొన్ని సీన్లు పిగ్గాట్ అనే ఊళ్లో తీశారు. మేము రాష్ట్రానికి ఈ మూల ఉంటే, ఆ ఊరు ఆ మూల.

చిన్న ఊరి రేడియోలో పనిచేసే మార్షా అనే అమ్మాయి, మామూలు జనం గొంతులు వినిపించాలని జైలుకు వెళ్తుంది. అక్కడ తాగి పడిపోయి ఉన్న ఒక దేశదిమ్మరిని లేపి పాడిస్తుంది. లోన్‌సమ్ రోడ్స్ అని పేరు పెట్టేదీ ఆమే. గిటారు, పెద్ద నవ్వు, పల్లెటూరి కబుర్లు. అక్కణ్ణుంచి మెంఫిస్ టీవీ, తర్వాత న్యూయార్క్. పెద్దగా పనిచేయని మాత్రలకు పసుపు రంగు వేయించి, వేసుకుంటే ఒంట్లో శక్తి పుడుతుందని అమ్మిపెడతాడు. చివరికి ఒక సెనేటర్‌కు జనం ముందు ఎలా మాట్లాడాలో నేర్పే దాకా వెళ్తాడు.

రోడ్స్‌గా వేసిన ఆండీ గ్రిఫిత్‌కు ఇదే మొదటి సినిమా. 1960 నుంచి టీవీలో మంచి షెరీఫ్‌గా వేసి ఇక్కడివాళ్ల అభిమానం సంపాదించుకున్నదీ ఆయనే. అదే మొహం, అదే నవ్వు. ఈ సినిమాలో ఆ నవ్వు చూస్తే నాకు భయమేసింది.

చివర్లో ఒక సీను ఉంది. ప్రోగ్రాం అయిపోయింది, తెరమీద పేర్లు పడుతున్నాయి, మైకు ఆపేశారు. రోడ్స్ కెమెరాకేసి నవ్వుతూ చెయ్యి ఊపుతున్నాడు, నోటితో మాత్రం చూసేవాళ్లను వెర్రివాళ్లని తిడుతున్నాడు. కంట్రోల్ రూంలో ఉన్న మార్షా సౌండ్ పైకి తోసేస్తుంది. ఆ తిట్లన్నీ ఇంటింటా వినిపిస్తాయి. అదేమీ తెలియని రోడ్స్ లిఫ్టెక్కి కిందికి దిగుతుంటాడు.

మా అమ్మాయి అక్కడ సినిమా ఆపింది.

“అమ్మా, అమ్మమ్మ దగ్గర మనం చేసేది కూడా ఇదే కదా?”

ప్రతి శనివారం రాత్రి తొమ్మిదికి తెనాలిలో ఉన్న మా అమ్మకు వీడియో కాల్ చేస్తాం. అక్కడ ఆదివారం ఉదయం. అమ్మాయి సంగీతం క్లాసు మానేసి ఏడాదిన్నర అయింది. ఆ సంగతి నేను అమ్మకు చెప్పలేదు. కాల్‌కు ముందు షార్ట్స్ మీదే కుర్తా తొడిగించి, బొట్టు పెట్టి, దేవుడి గూడు కనిపించేలా కూర్చోబెట్టేదాన్ని. వచ్చిన రెండు కీర్తనలే మార్చి మార్చి పాడేది. అమ్మ ఆ వీడియో వీధిలో అందరికీ చూపించి మురిసిపోయేది.

నాకు కోపం వచ్చింది. “వాడు జనాన్ని తిడుతున్నాడు. మనం అమ్మమ్మ సంతోషం కోసం కదా చేస్తున్నాం” అన్నాను.

“నేను కూడా నవ్వుతూ బై చెప్తాను. ఫోన్ పెట్టేయగానే బొట్టు తుడిచేసి విసుక్కుంటాను. అది అమ్మమ్మకి వినపడితే?” అంది.

ఏం చెప్పను? సినిమా అంతసేపూ అది రోడ్స్‌ని చూసింది. ఆ రాత్రి పడుకున్నాక నాకు మార్షానే గుర్తొచ్చింది. మైకు చేతికిచ్చింది ఆమె, పేరు పెట్టింది ఆమె. మా ఇంట్లో ఆ పని చేసింది నేను. అమెరికా వెళ్లి పిల్లను గాలికొదిలేశారని ఊళ్లో ఎవరైనా అంటారేమోనన్న టెన్షన్ నాది. దాన్ని పిల్ల నెత్తిన పెట్టాను. తెలుగంటేనే, పాటంటేనే దానికి వేషం కట్టడం అనిపించేలా చేశాను. నా బిడ్డకు నా భాష మీద ఇష్టం పోతే ఆ తప్పు ఎవరిది?

తర్వాతి శనివారం అది స్కూల్ బ్యాండు టీషర్టులోనే కూర్చుంది. బొట్టు పెట్టుకోమని నేను అనలేదు.

“అమ్మమ్మా, నేను సంగీతం మానేశాను. చాలా రోజులైంది” అంది, మాటలు కూడబలుక్కుంటూ.

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “మరి ఇప్పుడేం నేర్చుకుంటున్నావే?” అని అడిగింది.

అది పరిగెత్తి వెళ్లి క్లారినెట్ తెచ్చింది. అమ్మ కళ్లజోడు సర్దుకుని ఫోన్‌కు దగ్గరగా జరిగింది. “ఓసి, ఇది మన పెళ్లి బ్యాండులో ఊదేది కాదుటే! ఏదీ, ఊదు.”

మొదటి స్వరం కీచుమంది. రెండోసారి సరిగ్గా పలికింది. అమ్మ ఇంకోటి ఊదమంది, మళ్లీ ఇంకోటి. అరగంట తర్వాత నేను ఫోన్ అందుకుంటే, “నీతో తర్వాత మాట్లాడతాను, ముందు దానికియ్యి” అంది.