మూడు వారాల తర్వాత కనిపించిన చుక్కలు

నిన్న రాత్రి పదకొండున్నరకి కన్ఫోకల్ మైక్రోస్కోపు గదిలో చుక్కలు కనిపించాయి. ఆనందంతో కాసేపు మౌస్ కదపలేకపోయాను.

మూడు వారాలుగా నా హీలా కణాల (ల్యాబులో పెంచే మనిషి కణాలు) కేంద్రకాలన్నీ ఒకేలా పచ్చగా వెలుగుతూ వచ్చాయి. దాన్ని పట్టుకునే యాంటీబాడీతో నేను వెతుకుతున్న ప్రొటీన్ పీసీఎన్ఏ; అదున్న చోటే పచ్చగా వెలగాలి. మూడు ఒకేలాంటి ముక్కలు కలిసిన ఉంగరం అది. డీఎన్ఏ కాపీ అయ్యేటప్పుడు, ఆ కాపీ చేసే ఎంజైమ్ పాలిమరేజ్ జారిపోకుండా పట్టుకుంటుంది. కాబట్టి ఎస్ దశలో, అంటే డీఎన్ఏ కాపీ అయ్యే దశలో ఉన్న కణాల్లోనే, కాపీ జరిగే చోట్ల చుక్కలుగా కనిపించాలి. హీలాలో దాదాపు 24 గంటల చక్రంలో ఆ దశ సుమారు 8 గంటలు, అంటే ఎప్పుడు చూసినా మూడో వంతు కణాలే అందులో ఉంటాయి. నాకేమో అన్నీ వెలుగుతున్నాయి.

మొదట యాంటీబాడీనే అనుమానించాను. వెస్టర్న్ (ప్రొటీన్లని బరువును బట్టి జెల్‌లో విడదీసి యాంటీబాడీతో చూసే పరీక్ష) చేస్తే 36 కిలోడాల్టన్ల దగ్గర ఒకే బ్యాండ్. "అక్కా, 261 అమైనో ఆమ్లాలంటే 29 దగ్గర రావాలి కదా, ఇది వేరేదేమో?" అని మా జూనియర్ భయపడింది. పీసీఎన్ఏ జెల్‌లో ఎప్పుడూ అలా పైకే వస్తుంది. యాంటీబాడీ బాగానే ఉంది.

తప్పంతా నేను కణాల్ని ఫిక్స్ చేసిన, అంటే ఉన్నవి ఉన్నట్టు స్థిరపరిచిన పద్ధతిలో ఉంది. అందుకు వాడిన పారాఫార్మాల్డిహైడ్ డీఎన్ఏ మీదున్న పీసీఎన్ఏతో పాటు కేంద్రకంలో ఊరికే తిరిగేదాన్నీ పట్టి ఉంచుతుంది. పైగా ఎస్ దశ అయిపోయినా ఈ ప్రొటీన్ త్వరగా పోదు. ఈసారి ఫిక్స్ చేయకముందే ఐసు మీద 0.5 శాతం ట్రైటాన్ డిటర్జెంటుతో ఆ ఊరికే తిరిగేదాన్ని కడిగేశాను. తర్వాత మైనస్ 20 డిగ్రీల మిథనాల్‌లో పది నిమిషాలు. అంతే. ఎస్ దశ మొదట్లో ఉన్న కేంద్రకం ఆవాలు చల్లినట్టుంది, మధ్యలో ఉన్నదానికి అంచు వెంట చుక్కల గీత, చివర్లో ఉన్నదానిలో కొన్నే పెద్ద ముద్దలు.

మా పిన్నికి లూపస్, ఒంటి రోగనిరోధక శక్తి సొంత కణాల మీదే దాడి చేసే జబ్బు. ఏఎన్ఏ (సొంత కేంద్రకాల్ని పట్టుకునే యాంటీబాడీలు) పాజిటివ్ అన్న ఆ రిపోర్టు చదివి ఇంట్లో అందరం పడ్డ టెన్షన్ నాకింకా గుర్తే. ఈ ప్రొటీన్‌ని మొదట చూపించింది అలాంటి రోగుల రక్తమే. 1978లో మియాచి, ఫ్రిట్జ్‌లర్, టాన్ కొందరు లూపస్ రోగుల సీరంలో విభజన చెందే కణాల కేంద్రకాలనే పట్టుకునే యాంటీబాడీని చూశారు. పీసీఎన్ఏ (ప్రొలిఫరేటింగ్ సెల్ న్యూక్లియర్ యాంటిజెన్) అన్న పేరూ అక్కడిదే. నేను వాడే పీసీ10 యాంటీబాడీ మాత్రం ఎలుక నుంచి తీసింది. దాని గురించి వసీమ్, లేన్ 1990లో రాశారు. పిన్ని జబ్బు పేరు నా ప్రయోగం మొదట్లోనే ఉందని తెలిసినప్పటి నుంచి ఆ వయల్‌ని ఇంకాస్త జాగ్రత్తగా తీస్తున్నాను.

రేపు ఎంసీఎం2 అనే ఇంకో ప్రొటీన్‌ని కూడా కలిపి చూడాలి. అది ఎస్ దశకి ముందుండే జీ1లోనే డీఎన్ఏ మీదికెక్కి, కాపీ పూర్తయ్యే కొద్దీ దిగిపోతుంది. పీసీ10 ఎలుకది కాబట్టి, రెండూ కలిసిపోకుండా ఎంసీఎం2కి కుందేలు యాంటీబాడీ తీసుకున్నాను. పెద్ద ముద్దలున్న కణాల్లో ఎంసీఎం2 మసకబారాలి. కవర్‌స్లిప్పుల మీద కణాలు ఇప్పటికే వేసి వచ్చాను.