ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు: నా అనుభవం

నా ఆఫీసు పనికి వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదు. ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికేమో లినక్స్ కావాలి. ఉబుంటు అందులో ఒక రకం. కొన్నాళ్లు విండోస్ లోపలే వర్చువల్ మెషీన్ (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే ఇంకో కంప్యూటర్) పెట్టుకుని నెట్టుకొచ్చాను. ఉన్న 8 జీబీ ర్యామ్‌ను రెండు సిస్టమ్‌లు పంచుకోవాల్సి రావడంతో రెండూ నత్తనడకే. విండోస్‌లోనే లినక్స్ కమాండ్లు నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ కూడా వాడి చూశాను. కమాండ్ లైన్ పనులు చాలనుకునేవాళ్లకు అదే మంచిదని ఇప్పటికీ చెబుతాను. నాకు మాత్రం గ్రాఫిక్స్ కార్డుతో సహా మెషీన్ మొత్తం లినక్స్ చేతికి రావాలి. అందుకే డ్యూయల్ బూట్ వైపు, అంటే రెండు సిస్టమ్‌లనూ విడివిడిగా ఎక్కించి ఆన్ చేసినప్పుడు ఒకదాన్ని ఎంచుకునే పద్ధతి వైపు వెళ్లాను.

అందరూ ఇన్‌స్టాలేషన్ గురించే భయపడతారు. నిజానికి అది అరగంట పని. టెన్షన్ పడాల్సిందీ, ఓపికగా చేయాల్సిందీ అంతా దానికి ముందే ఉంది.

మొదట బ్యాకప్. ఫైళ్లు బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, అవి వేరే కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే ముందుకు కదిలాను.

తర్వాత బిట్‌లాకర్, అంటే తాళం లేకుండా చదవలేని విధంగా డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం. ఈ విషయం చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఈ మధ్య వస్తున్న చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు, మనం అడగకుండానే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది. దాని తాళం ల్యాప్‌టాప్‌లోని టీపీఎం అనే భద్రతా చిప్ దగ్గర ఉంటుంది. సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లనే బూట్ అవనిచ్చే రక్షణ) సెట్టింగో, బూట్ అయ్యే పద్ధతో మారిందని తేలితే ఆ చిప్ తాళం ఇవ్వదు. అప్పుడు విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ దొరక్కపోతే డిస్క్‌లోని డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. నేను ఆ కీని అకౌంట్‌లోంచి తీసి కాగితం మీద రాసుకున్నాను. ఆ తర్వాత ఎన్‌క్రిప్షన్ పూర్తిగా ఆపేశాను. డిస్క్ మొత్తం డీక్రిప్ట్ అవడానికి చాలాసేపు పడుతుంది, మధ్యలో ఆపకూడదు.

ఫాస్ట్ స్టార్టప్ సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. 2012లో విండోస్ 8తో వచ్చిన సదుపాయం ఇది. మనం షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా మూతపడదు, కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) స్థితిని డిస్క్‌లో దాచుకుంటుంది. ఆ దశలో లినక్స్‌లోంచి విండోస్ పార్టిషన్ (డిస్క్‌లో విండోస్‌కు కేటాయించిన భాగం) తెరిస్తే చదవడానికి మాత్రమే వీలవుతుంది. బలవంతంగా రాయబోతే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో హైబర్నేషన్‌ను (పని స్థితిని డిస్క్‌లో దాచి మెషీన్ ఆపే సదుపాయం) ఆపేస్తే దాంతోపాటే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది. నేను అలాగే చేశాను. దీనివల్ల ఇంకో లాభం కూడా కలిగింది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ను కుదించబోతే, సగానికి పైగా ఖాళీ ఉన్నా మొదట చాలా తక్కువ జాగా ఇస్తానంది. కదపలేని ఫైళ్లు డ్రైవ్ మధ్యలో కూర్చుని ఉండటమే కారణం. హైబర్నేషన్ ఫైల్ పోయాక, పేజ్ ఫైల్‌నూ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడే ఫైల్) సిస్టమ్ రీస్టోర్‌నూ కాసేపు ఆపితే 80 జీబీ వదిలింది. ఉబుంటుకు కనీసం 25 జీబీ ఉండాలంటారు కానీ ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకు అది త్వరగా నిండిపోతుంది. ఆ ఖాళీ జాగాను ఫార్మాట్ చేయకుండా అలాగే వదిలేయాలి.

రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో ఉబుంటు బూట్ అయ్యే పెన్‌డ్రైవ్ తయారు చేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే ఉబుంటును నడిపి చూశాను. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ అన్నీ పనిచేశాయి. తీరా ఇన్‌స్టాలర్ తెరిస్తే డిస్క్‌ను నడిపే ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే పద్ధతి ఆన్‌లో ఉందని, దాన్ని ఆపి రమ్మని చెప్పి ఆగిపోయింది. అంటే బయోస్‌లో (విండోస్ లేవకముందే తెరిచే మెషీన్ సెట్టింగ్స్‌లో) స్టోరేజ్ మోడ్‌ను ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చాలి. నేరుగా మార్చేస్తే విండోస్ బూట్ అవకుండా బ్లూ స్క్రీన్ చూపించే అవకాశం ఎక్కువ. ముందు ఎంఎస్ కాన్ఫిగ్ అనే విండోస్ టూల్‌లో సేఫ్ మోడ్‌ను (అత్యవసరమైన భాగాలతోనే లేచే పద్ధతి) ఎంచుకుని రీస్టార్ట్ చేసి, విండోస్ తెరుచుకునేలోపే బయోస్‌లోకి వెళ్లి మోడ్ మార్చాను. సేఫ్ మోడ్‌లో విండోస్ లేచి ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ను తనే పట్టుకుంది. మళ్లీ ఎంఎస్ కాన్ఫిగ్‌లో సేఫ్ మోడ్ తీసేస్తే మామూలుగా బూట్ అయింది. ఇది చేసేముందు అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోండి, సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు. మొత్తం ప్రయాణంలో నా గుండె వేగంగా కొట్టుకున్నది ఇక్కడే.

ఇన్‌స్టాలర్‌లో మాన్యువల్ పార్టిషనింగ్ తీసుకున్నాను. ఏ పార్టిషన్‌లో ఏం జరుగుతుందో కళ్లతో చూసుకోవచ్చు కాబట్టి నాకు ఆ పద్ధతే నమ్మకం. బూట్ ఫైళ్ల కోసం విండోస్ చేసిన ఈఎఫ్‌ఐ పార్టిషన్ అప్పటికే ఉంది. ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండే ఆ చిన్న పార్టిషన్‌నే ఉబుంటు కూడా వాడుకుంటుంది, ఎవరి ఫోల్డర్ వాళ్లదే. దాన్ని ఎంచుకోవాలి గానీ ఫార్మాట్ గుర్తు మాత్రం పెట్టకూడదు. మిగతా జాగా అంతా ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌తో రూట్‌కు (ఉబుంటు ప్రధాన పార్టిషన్‌కు) ఇచ్చేశాను. 17.04 వెర్షన్ నుంచి ఉబుంటు స్వాప్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు పనికొచ్చే ఫైల్) వాడుతోంది కాబట్టి దానికి వేరే పార్టిషన్ అక్కర్లేదు.

సెక్యూర్ బూట్ ఆపలేదు. ఉబుంటు బూట్ లోడర్ అయిన గ్రబ్‌ను (సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్) మొదలుపెట్టే షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది కాబట్టి ఆపాల్సిన అవసరం లేదు. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ ఎక్కించేటప్పుడు మాత్రం ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంది. రీస్టార్ట్‌లో వచ్చే నీలం స్క్రీన్‌లో ఎన్‌రోల్ ఎంఓకే (ఆ డ్రైవర్ సంతకాన్ని నమ్మమని చెప్పే ఆప్షన్) ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. దాన్ని దాటేస్తే డ్రైవర్ లోడ్ అవదు.

గ్రబ్ మెనూలో రెండు పేర్లూ కనిపించినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కొందరికి అందులో విండోస్ కనిపించదు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, పక్కన ఉన్న సిస్టమ్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్ డిఫాల్ట్‌గా ఆపేసి ఉండటమే ఇందుకు కారణం. గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్‌లో దాన్ని ఆన్ చేసి మెనూను అప్‌డేట్ చేస్తే వచ్చేస్తుంది. విండోస్ పోయిందని కంగారు పడక్కర్లేదు.

ఉబుంటు వాడి విండోస్‌లోకి వచ్చినప్పుడల్లా గడియారం తప్పు చూపించేది. కంప్యూటర్ లోపలి గడియారంలో ఉన్నది స్థానిక సమయం అని విండోస్ అనుకుంటుంది, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని లినక్స్ అనుకుంటుంది. విండోస్ లోపలి సెట్టింగ్స్ ఉండే రిజిస్ట్రీలో రియల్‌టైమ్ ఈజ్ యూనివర్సల్ అనే విలువను 1గా చేర్చాక సర్దుకుంది. లినక్స్ వైపు మార్చుకునే కమాండ్ కూడా ఉంది. కానీ దానివల్ల ఇబ్బందులు రావచ్చని లినక్సే హెచ్చరిస్తుంది, అందుకే అటు వెళ్లలేదు.

నన్ను చూసి డ్యూయల్ బూట్ పెట్టుకున్న స్నేహితుడొకడు తర్వాత లినక్స్ తీసేయాలనుకున్నాడు. పార్టిషన్ డిలీట్ చేస్తే సరిపోతుంది కదా అని అడిగాడు. అలా చేస్తే గ్రబ్ తన ఫైళ్లు దొరక్క నల్ల స్క్రీన్ మీదే ఆగిపోతుంది. ముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను బూట్ వరుసలో పైకి తేవాలి, విండోస్ నేరుగా లేస్తోందని చూసుకోవాలి, ఆ తర్వాతే లినక్స్ పార్టిషన్లు తీసేయాలి.