మిగిలే లివర్ లెక్క

నాన్న లివర్‌లో కుడివైపు 6 సెంటీమీటర్ల గడ్డ ఉందని తెలియగానే ఇంట్లో అందరం అడిగింది ఒక్కటే, ఆపరేషన్ ఎప్పుడని. చేయవచ్చో లేదో తేల్చడానికే వారాలు పడుతుందని మాకెవరికీ తెలియదు.

బయాప్సీ చేయలేదు. హెపటైటిస్-బి వల్ల నాన్నకు అప్పటికే సిరోసిస్, అంటే లివర్ మచ్చలు పడి గట్టిపడటం, ఉంది. అలాంటి లివర్‌లో, నరానికి మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్‌లో గడ్డ మొదట మెరిసి, తర్వాత చుట్టుపక్కల లివర్ కంటే మసకబారితే అది క్యాన్సరేనని చెప్పడానికి చాలట. ముక్క తీయకుండా ఎలా నమ్మాలని తమ్ముడు వాదించాడు. సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు పడే ప్రమాదం కొద్దిగా ఉంటుందని చెప్పాక ఊరుకున్నాడు.

ఆ తర్వాత డాక్టర్లు ఎక్కువగా చూసింది మిగతా లివర్‌ని. బిలిరుబిన్, అల్బుమిన్, రక్తం గడ్డకట్టే తీరు, పొట్టలో నీరు, మనిషి అయోమయంలో ఉన్నాడా అన్నది, ఈ అయిదింటికీ మార్కులు వేసి ఎ, బి, సి అని తేలుస్తారు. చైల్డ్-ప్యూ స్కోరు అంటారు. నాన్నది ఎ, అంటే లివర్ ఇంకా బాగానే పనిచేస్తోందని. ప్లేట్‌లెట్లు లక్ష పైనే ఉన్నాయి, ఎండోస్కోపీలో ఉబ్బిన సిరలు కనబడలేదు, అంటే లివర్‌కు వెళ్లే సిరల్లో ఒత్తిడి పెద్దగా పెరగలేదన్నమాట. అదే వార్డులో ఇంకొకాయనకు గడ్డ 2 సెంటీమీటర్లే. అయినా కోయలేమన్నారు. కామెర్లు, పొట్ట నిండా నీరు, స్కోరు సి. ఆయన్ని లివర్ మార్పిడి కోసం పరీక్షలకు పంపారు.

మరి నాన్నకు మార్పిడి ఎందుకు కాదని అడిగాను. మార్పిడి ఎవరికి చేయవచ్చో చెప్పే, 1996లో వచ్చిన మిలాన్ ప్రమాణాల ప్రకారం ఒకటే గడ్డయితే 5 సెంటీమీటర్లు దాటకూడదు, రెండు మూడుంటే ఏదీ 3 దాటకూడదు, రక్తనాళాల్లోకి పాకి ఉండకూడదు. నాన్న ఆ గీత దాటేశారు.

అసలు టెన్షన్ స్కాన్‌లో కొలతలు తీసినప్పుడు మొదలైంది. కుడిభాగం తీసేస్తే మిగిలేది 31 శాతం. ఆరోగ్యమైన లివరైతే సరిపోయేదే, సిరోసిస్ ఉంటే 40 దాకా కావాలి. అందుకని పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ సిరలో కుడివైపు వెళ్లే కొమ్మను మూసేశారు. రక్తమంతా ఎడమకు మళ్లితే ఆ భాగం పెరుగుతుంది. గడ్డను లోపల పెట్టుకుని వారాల తరబడి ఎదురుచూడటం నరకం. పెరగకపోతే ఏం చేస్తారని అడిగితే సర్జన్, "పెరగని లివర్ ఆపరేషన్‌నీ తట్టుకోలేదమ్మా. అప్పుడు కోయకపోవడమే ఆయనకు మేలు" అన్నారు. ఆ మాట కఠినంగా తోచినా, ఆయన మీద నమ్మకం కుదిరింది అప్పుడే.

మళ్లీ కొలిస్తే 42 వచ్చింది. ఆపరేషన్ చేశారు. తీసేసినా అయిదేళ్లలో సగానికి పైగా మందికి తిరిగి వస్తుందని ముందే చెప్పారు కాబట్టి, ఇప్పుడు మూడు నెలలకోసారి స్కాన్, ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష చేయిస్తున్నాం. హెపటైటిస్ మాత్ర నాన్న ఒక్కరోజు కూడా మానరు.