అభ్యాస్ గట్టు

తెలంగాణ సరిహద్దున, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచలో నాదొక చిన్న జిరాక్స్ షాపు. జిరాక్స్ కన్నా అర్జీలు రాసిపెట్టడమే ఎక్కువ. వచ్చినవాళ్ళు తెలుగులో చెప్తారు, నేను మరాఠీలో రాస్తాను. సాత్‌బారాలో, అంటే భూమి రికార్డులో, పేరు తప్పు పడిందనో, పంట నష్టం రాసే పంచనామాలో తమ చేను రాలేదనో. ఒక మనిషి అరగంట చెప్పుకున్న గోడు నా చేతిలో నాలుగు లైన్లవుతుంది. పైన ‘మహోదయ్’, కింద వేలిముద్ర. మిగిలిన మాటలన్నీ ఎటు పోతాయో అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఆ మిగిలిన మాటల కోసమే పనిచేసిన సంస్థ ఒకటి మా జిల్లాలోనే ఉంది, పేరు వృక్షమిత్ర. ఆ పేరు నేను మొదట విన్నది మా బాపు నోట. 1980లో గోదావరి జలాల ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది. ఆ తర్వాత ఇచ్చంపల్లి దగ్గర గోదావరి మీద, భోపాలపట్నం దగ్గర ఇంద్రావతి మీద డ్యాములు కడతారని మాట పుట్టింది. “ఇచ్చంపల్లి కట్టిన్రంటే మన దూలాల మీద చేపలు తిరుగుతయి” అనేవాడు బాపు. 1984లో సంఘసేవకుడు బాబా ఆమ్టే, ఆదివాసీ పెద్దలు కలిసి ‘జంగల్ బచావ్, మానవ్ బచావ్’ ఉద్యమం నడిపారు. ఆ డ్యాములు ఆగిపోయాయి. వృక్షమిత్ర పుట్టిందీ ఆ ఏడాదే. పెట్టినవాళ్ళలో ముఖ్యుడు మోహన్ హీరాబాయి హీరాలాల్, 1970లనాటి జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమం నుంచి వచ్చిన మనిషి. తన పేరు పక్కన ముందు అమ్మ పేరు, తర్వాత నాన్న పేరు పెట్టుకున్నాడు. ఒక్క ఇంటిపేరు కోసం నా చేత మూడు అఫిడవిట్లు రాయించుకున్నవాళ్ళున్న ఊళ్ళో ఇది మామూలు సంగతి కాదు.

వద్దు అనడం అయిపోయింది. మరి మన అడవి గురించి మనమేం అనుకుంటున్నాం? ఆ ప్రశ్న పట్టుకుని వాళ్ళు ధానోరా తాలూకాలోని మెండా అనే గోండుల ఊరికి వెళ్ళారు. పక్కనున్న లేఖా పేరు కలిపి మెండా లేఖా అంటారు. పాఠం చెప్పడానికి కాదు, కూర్చుని మాట్లాడటానికి. అక్కడ పుట్టిందే ‘అభ్యాస్ గట్’, మరాఠీలో గట్ అంటే గుంపు, కలిసి తెలుసుకునే గుంపన్నమాట. ఇష్టమున్నవాళ్ళు కూర్చుంటారు, తెలిసినవాళ్ళను పిలుస్తారు, అడుగుతారు, వాదించుకుంటారు. కానీ ఏదీ తేల్చరు. తేల్చేది గ్రామసభ. అక్కడ ఓట్లుండవు. ఒక్కరు కాదన్నా ఆ విషయం పక్కన పెడతారు, మళ్ళీ ఇంకో రోజు.

2012లో ఒకసారి వెళ్ళాను. సిరొంచ నుంచి రెండు వందల కిలోమీటర్ల పైనే. ఆలపల్లి దాకా బస్సులో నడుం పడిపోయింది. నిజం చెప్పొద్దూ, అక్కడ కూర్చుంటే విసుగొచ్చింది. వెదురు గురించి ఒకే ప్రశ్న ముగ్గురు మూడు రకాలుగా అడిగారు. మధ్యలో ఒక ముసలమ్మ ఇప్పపూల మాట ఎత్తింది, అందరూ అటు పోయారు. ఎవరూ ఆమెను ఆపలేదు. మా ఊళ్ళో అయితే “అవ్వా, అది తర్వాత” అనేవాళ్ళం.

మెండా పేరు పేపర్లకెక్కింది వేరే సంగతులతో. 2009లో దేశంలో మొదటిసారిగా సామూహిక అటవీ హక్కు, దాదాపు 1,800 హెక్టార్ల మీద. 2011లో వెదురు తామే అమ్ముకునే రవాణా పాసులు, 2013లో ఊరంతా గ్రామదానం, అంటే ఎవరి భూమి వాళ్ళు గ్రామసభ పేరు మీద పెట్టడం. చూడ్డానికి వచ్చినవాళ్ళు వెదురు మోపుల పక్కన ఫొటోలు దిగి పోతారు. ఆ విసుగు పుట్టించే మాటలకు ఎవరు ఫొటో తీస్తారు?

2022 ఏప్రిల్‌లో మా ఊళ్ళో ప్రాణహిత పుష్కరాలు జరిగాయి. జూలైలో అవే నీళ్ళు చేలమీదికి వచ్చాయి. ఆ తర్వాత రెండు నెలలు నేను రాసినన్ని అర్జీలు జన్మలో రాయలేదు. ఇది గోదావరి మీద తెలంగాణ కట్టిన మేడిగడ్డ బ్యారేజీ వల్లనా, వాన వల్లనా అని షాపు ముందు రోజూ కొట్లాట. అప్పుడు బుద్ధి పుట్టింది, గురువారం రాత్రి అరుగు మీద మనమూ కూర్చుందామని. ఏడుగురం. ఏదీ తేల్చకూడదు, అర్జీ రాయకూడదు, అదొక్కటే నియమం.

మూడో గురువారం పోచంపల్లి వైపు నుంచి ఒక కాక వచ్చాడు. చివరిదాకా చేతులు కట్టుకుని విన్నాడు. లేస్తూ అడిగాడు: “అంతా మంచిగనే ఉంది గని, గట్టు ఎప్పుడు కడుతున్నరు?”

మరాఠీ గట్‌ను ఆయన గట్టు అనుకున్నాడు. వరద రాకుండా కట్ట వేస్తున్నారనుకుని వచ్చాడు పాపం. నవ్వాం, ఆయనా నవ్వాడు. అప్పటి నుంచి మాది అభ్యాస్ గట్టే.

కానీ అసలు ప్రశ్నలు అడిగేది ఆయనే. 2016లో రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకుని మేడిగడ్డ నీటిమట్టం నూరు మీటర్లకు ఖరారు చేశాయి. అది పేపర్లో చదివి వినిపించాను. “నూరు మీటర్ల గోడనా? నేను రోజూ చూస్తున్న గదా, అంత లేదు” అన్నాడు కాక. గోడ ఎత్తు కాదు కాకా, సముద్ర మట్టం నుంచి లెక్క అన్నాను. “సముద్రమెక్కడిది ఈడ?” రెండు గురువారాలు దానికే పోయాయి. పదో తరగతి పిల్లాడు గ్లాసులు పేర్చి చెప్తే అప్పటికి నాక్కూడా సరిగ్గా అర్థమైంది. ఏళ్ళుగా ఆ నంబరు నేను అర్జీల్లో రాస్తున్నాను!

2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగాక మళ్ళీ కొత్త వాదాలు. ఏడుగురం ఒకసారి ముగ్గురమయ్యాం, ఒకసారి పదిహేను మందిమి. మిర్చి ఏరే రోజుల్లో ఎవరూ రారు, ఆ నెలలు అరుగు ఖాళీ.

కాక ఇప్పుడు కొత్త పని పెట్టాడు. 2022లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చేలోని వేపచెట్టు మీద ఎర్ర జాజుతో గీత గీశాడు. ఆ గీత సముద్రం నుంచి ఎన్ని మీటర్లో చెప్పమంటాడు. నూరుకు పైనా, కిందా? మాకెవరికీ తెలియదు. కొలిచే మిషన్ ఉన్న సర్వేయర్ ఒకాయన కోతలయ్యాక వస్తానన్నాడు. ఈలోగా వానకు గీత కరిగిపోతోందని కాక మళ్ళీ మళ్ళీ జాజు పూస్తున్నాడు. గీత లావైపోతోంది కాకా, పై అంచు కొలవాలా కింది అంచా అని పిల్లాడు అడిగాడు. వచ్చే గురువారం అదే.