ఇంగ్లీష్‌లో అరుపులు, కేకలు: సినానిమ్స్ దగ్గర నాకు పనికొచ్చిన పద్ధతి

ఎస్సెస్సీ సీజీఎల్‌కి, అంటే డిగ్రీ అయినవాళ్లు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం రాసే పరీక్షకి, చదువుతున్న తెలుగు మీడియం వాళ్ల కోసం ముఖ్యంగా ఇది రాస్తున్నా. టైర్ 1లో, అంటే మొదటి దశలో, ఇంగ్లీష్ 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పు పెడితే అర మార్కు కోత. టైర్ 2లో అదే ఇంగ్లీష్ 45 ప్రశ్నలు, 135 మార్కులు, తప్పుకి ఏకంగా ఒక మార్కు పోతుంది. గ్రామర్ రూల్స్ ఎలాగోలా పట్టుబడతాయి, మనల్ని ముంచేది వొకాబులరీయే. అందులోనూ షౌట్, యెల్, స్క్రీమ్, ష్రీక్, స్క్రీచ్, హౌల్, వెయిల్, బాల్ (బంతి కాదు, bawl), బెలో లాంటి గుంపు తగిలితే ఇక అంతే. డిక్షనరీ తెరిస్తే దాదాపు అన్నిటికీ "అరుచు, కేకవేయు" అనే ఉంటుంది, అది బట్టీపట్టి పరీక్షలో కూర్చుంటే నాలుగు ఆప్షన్లూ కరెక్టే అనిపిస్తాయి.

నేను చేసిందేంటంటే, అర్థం రాసుకోవడం మానేసి ఒక్కో మాట పక్కన గొంతు లావా సన్నమా, అరుపు పొట్టిదా సాగేదా, అసలు ఎందుకు అరిచారు అనేవి మాత్రమే రాసుకున్నా. అలా రాస్తుంటే తెలిసిందేమిటంటే, ఈ తేడాలు మనకి కొత్తేమీ కావు, తెలుగులో ఆల్రెడీ ఉన్నాయి. బెలో అంటే ఎద్దు రంకె. బాస్ కోపంతో లావు గొంతుతో అరిస్తే అదీ బెలోనే. హౌల్ అంటే ఊళ, నక్కా తోడేలే కాదు, హోరుమనే గాలికీ, నొప్పితో సాగదీసి అరిచే మనిషికీ వాడతారు. వెయిల్ అంటే చావింట్లో శోకాలు పెట్టడం, అంబులెన్స్ సైరన్‌కి కూడా ఇదే మాట. బాల్ అంటే పిల్లాడు ఆరున్నొక్క రాగం అందుకోవడం. యెల్ప్ అంటే తోక తొక్కితే కుక్క కుయ్యిమనడం. రోర్ సింహం గర్జన, స్టేడియంలో జనం హోరు.

అసలు కన్ఫ్యూజన్ స్క్రీమ్, ష్రీక్, స్క్రీచ్ దగ్గర. స్క్రీమ్ గావుకేక, భయానికో నొప్పికో కొన్నిసార్లు ఎక్సైట్‌మెంట్‌కో వస్తుంది. ష్రీక్ అంతకంటే సన్నగా, పొట్టిగా ఉంటుంది, మీద బల్లి పడితే కెవ్వుమంటాం చూడండి, అదీ. స్క్రీచ్‌లో భయం ముఖ్యం కాదు, వినేవాడి చెవులకి బాధ ముఖ్యం, అందుకే బ్రేకులకీ టైర్లకీ ఎక్కువగా వాడతారు. "ద టైర్స్" తర్వాత ఖాళీ ఇచ్చి బెలోడ్, వెయిల్డ్, స్క్రీచ్డ్, హౌల్డ్ అని ఆప్షన్లు పెడితే ఆలోచించే పనే లేదు. ష్రిల్ అనే విశేషణం పక్కన కనిపిస్తే సన్నగొంతు మాటే వెతకండి, డీప్ అని ఉంటే బెలో, రోర్ వైపు వెళ్లండి.

షౌట్‌ది వేరే గొడవ. షౌట్ ఎట్ అంటే ఎవరి మీదో కోపంగా అరవడం, షౌట్ టు అంటే దూరంగా ఉన్నవాడికి వినపడాలని కేకేయడం. వాక్యంలో తప్పు పట్టుకోమనే ఎర్రర్ స్పాటింగ్‌లో ఎట్, టు మార్చి ఇస్తే చదివేటప్పుడు రెండూ బాగానే వినిపిస్తాయి, జాగ్రత్త. యెల్ కూడా దాదాపు షౌటే, కాస్త గట్టిది. ఇంకో సంగతి, మనం పలికేటప్పుడు శోకం వెయిల్‌కీ, పెళ్లికూతురి ముసుగు వెయిల్‌కీ తేడా ఉండదు. స్పెల్లింగ్ మాత్రం కళ్లతో చూసి గుర్తుపెట్టుకోవాల్సిందే, డబ్ల్యూతో మొదలైతేనే ఏడుపు.

ఇడియమ్స్‌లో హ్యూ అండ్ క్రైని వదలొద్దు. ఒకప్పుడు ఇంగ్లాండ్‌లో దొంగని చూసినవాడు కేకలు పెడితే ఊరంతా వెంటపడి పట్టుకోవాలని చట్టమే ఉండేది, 1285 నాటి వించెస్టర్ చట్టంలో ఇది ఉంది. ఇప్పుడు దాని అర్థం జనం గగ్గోలు పెట్టడం, పెద్దఎత్తున నిరసన. క్రై వుల్ఫ్ అంటే మన "నాన్నా పులి" కథే, లేని ఆపదకి ఊరికే కేకలు పెట్టడం. ఎ ఫార్ క్రైలో మాత్రం ఏడుపూ లేదు కేకా లేదు, చాలా తేడా ఉంది అని అంతే. హౌలర్ అంటే నవ్వొచ్చేంత ఘోరమైన తప్పు. గోలగోలగా అరిచి తన మాట నెగ్గించుకోవాలని చూసేవాడు వొసిఫెరస్, ఇది వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్‌కి పనికొస్తుంది.

డైరెక్ట్ స్పీచ్‌ని ఇన్‌డైరెక్ట్‌గా మార్చే నేరేషన్‌లో హుర్రా ఉంటే ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్, అలాస్ ఉంటే విత్ సారో అని రాస్తాం కదా, ఎక్స్‌క్లెయిమ్ అనగానే గట్టిగా అరిచారనే అనుకోకండి, ఆశ్చర్యమో బాధో ఒక్కసారిగా బయటపడితే చాలు. వింపర్ ఇచ్చి యాంటోనిమ్ (వ్యతిరేక పదం) అడిగితే మాత్రం ఈ గట్టి అరుపుల్లోంచే ఏదో ఒకటి ఆప్షన్లలో ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అది సన్నగా మూలగడం.

టైమ్ తక్కువుంటే ముందు బెలో, వెయిల్, ష్రీక్, షౌట్ ప్రిపోజిషన్లు, హ్యూ అండ్ క్రై చూసుకోండి. హూట్, స్క్వీల్, హూప్ తర్వాతైనా పర్లేదు.