మక్పేలా గుహకు రెండు ద్వారాలు

2019 శీతాకాలంలో యెరూషలేము వెళ్ళినప్పుడు, మా బృందం గలిలయకు బయలుదేరిన రోజున నేను ఒక్కడినే ఆగిపోయి, బేత్లెహేము నుంచి సర్వీసు టాక్సీలో వెస్ట్ బ్యాంక్‌లోని హెబ్రోనుకు వెళ్ళాను. నన్ను అక్కడికి రప్పించింది బైబిల్లో ఆదికాండం 23వ అధ్యాయంలోని భూమి క్రయం. భార్య శారా చనిపోయినప్పుడు సమాధి కోసం స్థలం అడిగిన అబ్రాహాము, హిత్తీయుడైన ఎఫ్రోను ఊరికే ఇస్తానన్నా ఒప్పుకోక, అందరి ఎదుట నాలుగు వందల షెకెళ్ళ వెండి తూచి ఇచ్చి, పొలాన్నీ మక్పేలా గుహనూ పొలంలోని చెట్లతో సహా కొనుక్కున్నాడు. అది చదివినప్పుడల్లా నాకు మా తాతగారి దస్తావేజు గుర్తుకొస్తుంది.

ఆ గుహ మీద రెండు వేల ఏళ్ళ కిందట యూదయ రాజు హేరోదు కట్టించిన రాతి ప్రాకారం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ముస్లింలకు అది ఇబ్రహీమీ మసీదు, యూదులకు పితరుల సమాధి. 1267 నుంచి, 1967లో ఇజ్రాయెల్ ఈ ఊరిని స్వాధీనం చేసుకునే దాకా, యూదులను బయటి మెట్లలో ఏడో మెట్టు దాటనివ్వలేదు. 1929లో అరబ్బుల అల్లర్లలో ఈ ఊళ్ళో 67 మంది యూదులు హతులయ్యారు. 1994 ఫిబ్రవరి 25న, రంజాను మాసపు ఉదయం నమాజులో ఉన్న 29 మందిని 1967 తర్వాత ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన యూదు వలసదారుల్లో ఒకడైన బారూక్ గోల్డ్‌స్టీన్ కాల్చి చంపాడు. ఆ తర్వాతే భవనాన్ని రెండుగా విడదీశారు. ఏడాదికి పదేసి రోజులు మాత్రం మొత్తం భవనం ఒక్కో మతంవారికే దక్కుతుంది.

తనిఖీ కేంద్రంలో సైనికుడు నా మతం అడిగాడు. హిందువునని చెబితే కాసేపు ఆలోచించి, రెండు వైపులకూ వెళ్ళవచ్చన్నాడు. ఆ ఊళ్ళో పుట్టిన ముస్లింకు లేని ఆ వెసులుబాటు నాకు సిగ్గుగానే తోచింది. మసీదు వైపున అబ్రాహాము కొడుకు ఇస్సాకు, కోడలు రిబ్కాల సమాధులు చూసి, చుట్టూ తిరిగి వెళ్ళి, యూదుల వైపున మనవడు యాకోబు, అతని భార్య లేయాల సమాధులు చూశాను. మధ్యనున్న అబ్రాహాము సమాధిని మాత్రం రెండు వైపుల నుంచీ ఊచల కిటికీలోంచి చూడవలసిందే. అసలు గుహ వీటన్నిటి కింద ఉంది; అందులోకి ఎవరినీ పోనివ్వరు.

ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకుల మధ్య కుదిరిన 1997 ఒప్పందం ప్రకారం నగరంలో దాదాపు 80 శాతం పాలస్తీనా పాలనలోకి వెళ్ళగా, ఈ క్షేత్రమూ పాత బజారూ ఇజ్రాయెల్ సైన్యం చేతిలోనే ఉన్నాయి. బజారులో తల మీద ఇనుప వల కట్టి ఉంది, పై అంతస్తుల్లోని వలసదారుల ఇళ్ళ నుంచి పడిన చెత్త దాని మీదే ఆగి ఉంది. ఆ వలసదారులు కూడా 1929కి ముందు యూదులకు ఉన్న ఆస్తులను చూపించి హక్కు అడుగుతారు.

టీ ఇచ్చిన ఒక ముసలి వర్తకుడు, సైనిక ఉత్తర్వుతో మూతపడిన షుహదా వీధిలో తనకు ఇంకో దుకాణం ఉందని చెప్పి, ప్లాస్టిక్ సంచిలోంచి పాత కాగితం తీసి పరిచాడు. నాకు అరబ్బీ రాదు, కానీ ఆయన వేలు ఒక్కొక్క వరుస దగ్గర ఆగి తూర్పుకూ పడమరకూ చూపుతుంటే, హద్దులు చదువుతున్నాడని అర్థమైంది.